ఎదురు కొండ మీద గది

పడకల పంపకం ఏటా జూలై ఆఖరి ఆదివారం ఫోన్లోనే జరిగిపోతుంది. పంచేది ఇంకొరొనాతా. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. ఇటలీలో మోలీజె కొండల్లో, రొక్కాపియానా ఊళ్ళో, మెట్ల వీధి చివరింట్లో కుర్చీ వేసుక్కూచుని, ఆగస్టు సెలవులకి ఏ కొడుకు ఏ గదిలో ఉండాలో, ఏ మనవడు ఏ పరుపు మీద దొర్లాలో ఒక్కొక్కరికీ ఫోను చేసి చెబుతుంది. అవతలివాళ్ళు "సరేనమ్మా" అంటారు. రోములో పోపుగారి మాటకైనా ఎదురుచెప్పేవాళ్ళు ఉంటారేమో గానీ, ఈవిడ పడకల మాటకి ఎదురుచెప్పినవాడు ఆ వంశంలో ఇంకా పుట్టలేదు.

ఆ ఆదివారం తోరినోలో పెద్దకోడలు ఒర్నెల్లా వంటింటి బల్ల దగ్గర కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బడి పిల్లల భోజనశాలలో వంటమనిషి ఆవిడ. పది నెలలు మూడొందల మందికి వండి, సెలవులిచ్చారు కదా అని ఇంట్లో వండుతోంది. ఫోను బల్ల మీద పెట్టి, చేతులు ఆపకుండానే అత్తగారి మాట వింది.

"మీ గది ఈసారి నా మనవరాలు నొయేమికి కాబోయే మొగుడికి ఇస్తున్నాను. బొలోన్యా అబ్బాయి, మొదటిసారి మన గడప తొక్కుతున్నాడు, మర్యాదగా ఉండొద్దూ? మావాడు ఎత్తోరె తమ్ముళ్ళతో అటక మీద పడుకుంటాడు. నీకు వంటింట్లో మడత మంచం వేయిస్తాను. ఎలాగూ పొద్దున్నే కాఫీ పెట్టేది నువ్వేగా. దగ్గరగా ఉంటుంది."

వెటకారం లేదు, కోపం లేదు. కత్తిపీట ఫలానా మూల ఉంచితే చేతికి అందుతుంది అన్నంత మామూలుగా అంది. ఒర్నెల్లా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"వింటున్నావా?"

"వింటున్నాను అత్తయ్యా."

"సరేనా మరి?"

"చూస్తాను అత్తయ్యా."

"చూసేదేముంది ఇందులో!" అని ఫోను పెట్టేసింది ముసలావిడ. ఆవిడకి ఇంకా ఆరు పడకలు పంచాల్సి ఉంది.

ఎత్తోరె ట్రాము డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి. పెళ్ళాం ఫోనులో ఏవో బొమ్మలు చూస్తోంది.

"పాస్తా పెట్టలేదా?" అన్నాడు.

"మీ అమ్మ నాకు పొయ్యి పక్కన పడక వేసింది. దగ్గరగా ఉంటుందిట."

ఎత్తోరె చొక్కా బొత్తాలు విప్పుకుంటూ మొత్తం విన్నాడు. మంచివాడే పాపం. కానీ తల్లి పేరెత్తితే యాభై నాలుగేళ్ళవాడు నాలుగేళ్ళవాడైపోతాడు.

"పోనీ వారం రోజులేగా," అన్నాడు.

"వారం రోజులు నువ్వు పడుకో వంటింట్లో. నేను అటకెక్కుతాను."

"నాకు కాఫీ పెట్టడం రాదుగా!"

ఆ మాట అనేశాక తనేమన్నాడో అతనికే తెలిసొచ్చి గడ్డం గోక్కున్నాడు. ఒర్నెల్లా అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఫోను అతని వైపు తిప్పింది. ద్రాక్షతోటల మధ్య ఈతకొలను ఉన్న బంగళా. సముద్రం ఒడ్డున ఇల్లు. సన్యాసినుల మఠంలో శుభ్రమైన గదులు, రాత్రి పదికల్లా లోపలికి వచ్చెయ్యాలి. ఒక్కొక్కటీ చూపించి పక్కకి తోసేసింది.

"సముద్రం బాగుంది," అన్నాడు ఎత్తోరె ఆశగా. "నీకు ఒంట్లో బాగాలేదని అమ్మతో చెబుదాం. డాక్టరు సముద్రపు గాలి తగలాలన్నాడని..."

"నాకు ఒంట్లో బాగానే ఉంది. దొంగలా ఎందుకు పారిపోవాలి? నాకు మీ ఊరే కావాలి. ఇరవై ఆరేళ్ళుగా వస్తున్నాను. ఆ ఊళ్ళో నేను చూసిందేమిటో తెలుసా? మీ అమ్మ వంటింటి కిటికీలోంచి కనిపించే ఎదురు కొండ. దాని మీదో ఇల్లు. ముందు మల్బరీ చెట్టు, దాని కింద బల్ల, కూచుని తింటున్న మనుషులు. గిన్నె తోమడం, తలెత్తడం, వాళ్ళని చూడడం. ఈసారి ఆ బల్ల దగ్గర నేను కూచుంటాను."

ఎత్తోరె మొహం పాలిపోయింది. "తెక్లా ఇల్లా? ఆ గొర్రెలవాళ్ళ ఇల్లా? అది... అది పైవాళ్ళు దిగే చోటు. జర్మనీ వాళ్ళు, మిలానో వాళ్ళు! అమ్మ ఇల్లు లోయ చుట్టి వెళ్తే మూడు కిలోమీటర్ల దూరంలో పెట్టుకుని మనం డబ్బులిచ్చి గదిలో దిగితే ఊరంతా ఏమనుకుంటుంది?"

"వంటింట్లో మంచం వేస్తే ఊరేమీ అనుకోదు కదూ?"

అప్పటికప్పుడు అతని ఎదురుగానే ఫోను చేసింది. అవతల ఎత్తినది తెక్లాయే. వెనకాల కుక్కలు మొరుగుతున్నాయి.

"ఎవరి పేరు మీద?"

చెప్పింది.

"మెట్ల వీధి ఇంకొరొనాతా కోడలివా?"

"పెద్దకోడల్ని."

తెక్లా కుక్కల్ని కసిరింది. "అమ్మాయ్," అంది, "నీళ్ళలో ఉండి మొసలితో పెట్టుకుంటున్నావు. ఆలోచించుకునే అడుగుతున్నావా?"

"ఆలోచించుకున్నాను."

"అయితే సరే. కిటికీ అడవి వైపు కావాలా, ఊరి వైపా?"

"ఊరి వైపే."

తెక్లా పగలబడి నవ్వింది. తర్వాత ఒర్నెల్లా అత్తగారికి తనే ఫోను చేసి చెప్పింది. మొగుడి చేత చెప్పించలేదు, అబద్ధం ఆడలేదు. "మడత మంచం వేయించకండి అత్తయ్యా. మేం తెక్లా ఇంట్లో గది తీసుకున్నాం. పండగ రోజు భోజనానికి పిలిస్తే వస్తాం." అవతల ఫోను పెట్టేశారు.

*

ఆగస్టు పన్నెండున దిగారు. గది చిన్నది. ఇనప మంచం, గంజి పెట్టిన దుప్పట్లు, గోడకి ఒక సిలువ, మూల ఒక కుర్చీ. కింద దొడ్లోంచి గొర్రెల వాసన పైదాకా వస్తోంది. ఒర్నెల్లా మంచం మీద కూచుని చేత్తో దుప్పటి నిమిరింది. ఎవరో తన కోసం మూలలు లోపలికి మడిచి, నలగకుండా పరిచారు. ఆస్పత్రిలో కాన్పుకి వెళ్ళినప్పుడు తప్ప తన పడక ఇంకొకరు వేసినట్టు ఆవిడకి గుర్తులేదు.

మర్నాడు పొద్దున అయిదింటికి అలవాటు ప్రకారం కళ్ళు తెరుచుకున్నాయి. ఏ ఇంట్లో ఉన్నదీ తోచకముందే కాళ్ళు కిందికి దిగాయి, చేతులు జుట్టు ముడేశాయి, ఒళ్ళంతా మెట్లు దిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాఫీ గిన్నె ఎక్కడుందా అని అరలు తడుముతూంటే వెనక నుంచి కేక వినిపించింది.

"దొంగ! దొంగ!"

తెక్లా. చేతిలో పాల బిందె. అరవై ఏళ్ళుంటాయి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. "నా వంటింట్లో నీకేం పనే తల్లీ?"

"కాఫీ పెడదామని... అలవాటు..."

"అలవాటుంటే మీ ఇంట్లో. ఇక్కడ గది తీసుకున్నవాళ్ళు పొయ్యి ముట్టుకుంటే నాకు శకునం మంచిది కాదు. పో, చెట్టు కింద కూచో."

ఒర్నెల్లా చెట్టు కింద కూచుంది. కూచోవడం ఇంత కష్టమని ఎవరు చెప్పారు? చేతులు ఒళ్ళో పెట్టుకుంది, బాగాలేదు. బల్ల మీద పెట్టింది, రొట్టె తుంపులు ఏరడం మొదలెట్టాయి. వాటిని తొడల కింద పెట్టుకుని కూచుంది, బళ్ళో దండించిన పిల్లలా. తెక్లా కాఫీ తెచ్చి ముందు పెట్టింది. పెట్టి, వెళ్ళకుండా నిలబడి, మొదటి గుక్క తాగేదాకా చూసింది.

"చక్కెర చాలిందా?"

ఎవరో అడిగితే చెప్పాలన్న సంగతే ఒర్నెల్లాకి వెంటనే తట్టలేదు. "ఇంకొంచెం కావాలి," అంది. అని ఎందుకో ఏడుపొచ్చింది. ముక్కు చీదేసుకుని రెండో చెంచా కలుపుకుంది.

ఆ పూటంతా తెక్లా జున్ను చెయ్యడం చూసింది. పెద్ద రాగి కాగులో తోడుకున్న పాలలోకి మోచేతుల దాకా చేతులు దించి, పాల విరుగుని మెల్లగా అడుగుకి అదిమి, ముద్ద చేసి, బుట్టలోకి ఎత్తి, అరచేతుల్తో నొక్కింది తెక్లా. నీళ్ళు కారాయి. మిగిలిన నీళ్ళు మళ్ళీ కాచి, పైకి తేలిన వెచ్చటి విరుగు ఒక గరిటెడు తీసి రొట్టె మీద వేసి ఇచ్చింది. సాయం చెయ్యనా అని ఒర్నెల్లా రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ తెక్లా బూటుతో నేల తన్నింది.

ఎత్తోరె ఊళ్ళో కాఫీ బారుకి వెళ్ళి గంటలోపే తిరిగొచ్చాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నారు?"

"ఏమంటారు! 'ఏరా ఎత్తోరె, మీ అమ్మ నిన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టిందా? పోనీ మా కోళ్ళగూట్లో చోటుంది, రమ్మంటావా' అని ఒకడు. 'గొర్రెల్లో పడుకుంటే నిద్ర పట్టనప్పుడు వాటినే లెక్కపెట్టుకోవచ్చులే' అని ఇంకొకడు. పరువు పోయిందే!"

"ఎవరి పరువు?"

"మా పరువు. మా ఇంటి పరువు."

"ఇన్నేళ్ళూ నేనా ఇంట్లో నిలబడి తిన్నాను ఎత్తోరె. ఆ పరువుకి నా కుర్చీ ఏనాడైనా అవసరమైందా?"

అతను అడకత్తెరలో పోకచెక్కలా ఇటు పెళ్ళాన్నీ, కిటికీలోంచి అటు తల్లి ఇంటినీ చూశాడు. అయినా ఆ రాత్రి బట్టల సంచి తీసుకుని అటక మీదికి పోలేదు. అది చాలనుకుంది ఒర్నెల్లా.

*

పదిహేనో తారీఖు మరియమాత పండగ. పిలుపు వచ్చింది. ఎత్తోరెకి ఫోను చేసి, "పన్నెండింటికి," అని ఒక్క మాట అని పెట్టేసింది తల్లి.

ఒర్నెల్లా మంచి గౌను వేసుకుంది. పొద్దున్నే పక్క ఊరికి తనే కారు నడుపుకుంటూ వెళ్ళి, మిఠాయి దుకాణంలో క్రీము కూరిన రొట్టెలు పన్నెండు కొంది. దుకాణం మనిషి వాటిని బంగారు రంగు అట్ట పళ్ళెంలో పేర్చి, కాగితం చుట్టి, పైన రిబ్బను కట్టి, పట్టుకోవడానికి వీలుగా వేలికి ఉచ్చు వేసి ఇచ్చాడు. భోజనానికి బయల్దేరాక దారిలో ఎత్తోరె ఆ పళ్ళెం చూసి కారు ఆపేశాడు.

"ఇది తీసుకెళ్తావా? మా ఇంటికా?"

"భోజనానికి పిలిస్తే ఉత్తి చేతుల్తో వెళ్తామా?"

"నీకు తెలిసే చేస్తున్నావు," అన్నాడు ఎత్తోరె.

తెలిసే. ఆ కొండల్లో రిబ్బను కట్టిన పళ్ళెం తెచ్చినవాళ్ళు చుట్టాలు. చుట్టాన్ని మంచి గదిలో కూచోబెట్టాలి, ముందు వడ్డించాలి, వంటింటి గడప తొక్కనివ్వకూడదు. చుట్టం చేత ఒక్క చెంచా కడిగించినా ఆ ఇంటి ఆడవాళ్ళకి తలవంపులు. ఈ పద్ధతి ఒర్నెల్లాకి నేర్పినదే అత్తగారు. ఒకసారి ఎవరో చుట్టాలావిడ పళ్ళేలు తియ్యబోతే, "ఏయ్, ఆవిణ్ణి కూచోబెట్టు, మన ఇంట్లో చేతులు లేవనుకుంటారు!" అని కోడల్ని కసిరింది. ఆ ఇంటి చేతులంటే ఎవరి చేతులో వేరే చెప్పాలా?

ఒర్నెల్లా తలుపు దగ్గర ఆగి బెల్లు కొట్టింది. తలుపు తీసే ఉంది. ఆడపడుచు రొసాల్బా గుమ్మంలోకి వచ్చింది. ఎత్తోరెకి అక్క, పక్కింట్లోనే ఉంటుంది. చేతులు పిండి పిండిగా ఉన్నాయి, మొహం మండిపోతోంది.

"బెల్లేమిటే నీ మొహం! పదింటికల్లా వస్తావనుకున్నాను. పిండి సగం కూడా కాలేదు. రా, రా, ఆ పర్సు అవతల పారేసి..."

"వదినా, పండగ శుభాకాంక్షలు," అని పళ్ళెం చేతిలో పెట్టింది ఒర్నెల్లా.

రొసాల్బా పిండిచేతుల్తో దాన్ని అందుకుని, రిబ్బను వంక చూసి, మరదలి మొహం వంక చూసి, నోరు తెరిచింది. వెనక నుంచి ఇంకొరొనాతా వచ్చింది. నల్ల గౌను, నడుముకి కొంగులా చుట్టిన తెల్ల గుడ్డ. ఆవిడ పళ్ళేన్నే చూసింది. పాతకాలం మనిషి, మాటల్లో చెబితే కొట్టిపారేసేదేమో. పళ్ళేనికి ఎదురు చెప్పడం ఆవిడకి చేతకాదు.

"మంచి గదిలో కూచోబెట్టు," అంది కూతురితో. "చుట్టాలొచ్చారు."

బొలోన్యా అబ్బాయి అక్కడే ఉన్నాడు, సోఫా అంచు మీద, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని. ఒర్నెల్లా అతని పక్కన కూచుంది. ఇద్దరికీ చెరో గ్లాసు వైనూ ఇచ్చారు. "మీరూ చుట్టాలేనా?" అనడిగాడు పాపం. "ఈ ఏడాది నుంచి," అంది.

భోజనం మూడింటికి గానీ బల్ల మీదకి రాలేదు. పాస్తా మెత్తగా ముద్దయింది. గొర్రెపిల్ల మాంసం ఒక వైపు మాడింది. మగాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు గానీ ఒక్కడూ కుర్చీలోంచి కదల్లేదు. రొసాల్బా కూతురు నొయేమి కాబోయే మొగుడి పక్కన గోళ్ళు చూసుకుంటూ కూచుంది. పళ్ళేలు మోసింది రొసాల్బా, ఆవిడ వెనక ఇంకొరొనాతా.

ముసలావిడ పెద్ద పింగాణీ పళ్ళెం రెండు చేతుల్తో పొట్టకి ఆనించుకుని, ఒక్కో అడుగూ వేస్తూ వస్తోంది. గుమ్మం దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. పై పెదవి మీద చెమట. తను వదిలేసిన పని ఆ మగాళ్ళ మీద పడుతుందనుకుంది ఒర్నెల్లా, పిచ్చిది. పని ఎప్పుడూ పల్లానికే కదా పోతుంది! కుర్చీ వెనక్కి జరిగింది. తనకి తెలియకుండానే సగం లేచింది.

"కూర్చో," అంది ఇంకొరొనాతా, బల్ల చుట్టూ ఉన్న పద్దెనిమిది మందికీ వినపడేలా. "చుట్టానివి కదా."

లేస్తే ఓడిపోయినట్టు. కూచుంటే ఆ ముసలి చేతులు మొయ్యడం చూడాలి. ఒర్నెల్లా కూచుంది. వడ్డించిన ప్రతి ముద్దా తింది, ఒక్కటి వదల్లేదు, ఒక్కటీ రుచి తెలియలేదు. కోపం వచ్చింది, సిగ్గేసింది. ఈ రెండూ ఎవరి మీదో తేల్చుకోలేక వైన్ గ్లాసు గట్టిగా పట్టుకుంది.

తిరిగి వెళ్తూ కారులో అడిగింది. "మీ అమ్మ మోస్తూంటే నువ్వు లేవలేదేం?"

"నేనా?" అన్నాడు ఎత్తోరె. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

*

పదిహేడున టమాటాలు. ఏడాదికి సరిపడా సాసు ఆ ఒక్క రోజులో చేసి సీసాల్లో నింపి, పాత ఇనప పీపాల్లో నీళ్ళు పోసి కట్టెల మీద ఉడికిస్తారు. కుటుంబంలో ఎవరు పెళ్ళి మానుకున్నా ఒప్పుకుంటారు గానీ టమాటాల రోజు రాకపోతే ఒప్పుకోరు. పొద్దున్నే ఎత్తోరె చొక్కా చేతులు మడుచుకుని వెళ్ళాడు. "నేను రసం తీసే మర తిప్పుతాను," అన్నాడు. ఏటా తిప్పేది అతనే. కడగడం, కొయ్యడం, సీసాకో తులసిలాంటి బేసిల్ ఆకు వెయ్యడం, మూతలు బిగించడం, పగలకుండా సీసాల మధ్య గోనెగుడ్డలు కుక్కడం ఒర్నెల్లా పని. "వస్తావా?" అని అతను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

పదకొండింటికి కొండ దారి మీద మూడు చక్రాల బండి దగ్గుకుంటూ ఎక్కింది. వెనక ట్రాలీలో, ఖాళీ బుట్టల మధ్య కుర్చీ వేసుకుని ఇంకొరొనాతా కూచునుంది. పక్కింటివాడు బండి ఆపి చెయ్యిస్తే దులపరించేసి తనే దిగింది.

మల్బరీ చెట్టు కిందకి వచ్చి, ఒర్నెల్లా ముందు బల్ల మీద ఒక గుడ్డ పెట్టింది. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టిన ఒర్నెల్లా పని గుడ్డ.

"కట్టుకో. ఆట చాలు."

"ఆట కాదు అత్తయ్యా."

"నాలుగు వందల కిలోలు ఎండలో ఉన్నాయే. రొసాల్బా మూత బిగిస్తే పీపాలో సీసాలు పేలుతున్నాయి. మగాళ్ళకి ఎంత చెప్పినా తెలియదు. నా చేతులు పనికిరావడంలేదు." చేతులు చాచి చూపించింది. కణుపులు ఉబ్బి, వేళ్ళు పక్కకి తిరిగిపోయి ఉన్నాయి. "నేను అడుక్కోవడానికి రాలేదు. నా కోడలివి కాబట్టి వచ్చాను."

ఒర్నెల్లా చెయ్యి గుడ్డ మీదికి పోయింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో కట్టేసుకునేదే. ఆ చేతులు చూశాక ఎవరికి మనసొప్పుతుంది? ఇంకొరొనాతా ఆ కదలిక చూసి, గెలిచాననుకుని, ఇంకో మాట అంది. అనకుండా ఉంటే సరిపోయేది.

"వంటింట్లో మంచం వేశానని అలిగావుట, రొసాల్బా చెప్పింది. నీకంటే ముందు అందులో పడుకున్నది ఎవరనుకున్నావు? తొమ్మిదేళ్ళు పడుకున్నాను. నా పిల్లల్ని ఆ పొయ్యి పక్కనే కన్నాను. మా అత్త నా మీద నుంచి దాటుకుంటూ వెళ్ళి పాలు కాచుకునేది. నాకేమైంది? చచ్చానా?"

ఒర్నెల్లా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరైనా అడిగారా అత్తయ్యా?"

"ఏమని?"

"ఎక్కడ పడుకుంటావే అని. ఎవరైనా మిమ్మల్ని ఒక్కసారైనా అడిగారా?"

"అడగడమేమిటే!" అని విసుక్కుంది ఇంకొరొనాతా. "ఎవరడుగుతారు?" అని మళ్ళీ అంది, ఈసారి అంత గట్టిగా కాదు. నిలబడే ఉంది. నిలబడి నిలబడి, బల్ల అంచు పట్టుకుంది.

"కూచోండి," అని ఒర్నెల్లా కుర్చీ లాగింది. ముసలావిడ కూచుంది. తెక్లా ఎవరూ పిలవకుండానే వచ్చి, చల్లటి నీళ్ళూ, వెచ్చటి విరుగూ రొట్టే ఆవిడ ముందు పెట్టింది.

"నేనేం అడగలేదు," అంది ఇంకొరొనాతా.

"నేనూ అడగలేదు పెద్దమ్మా. తిను."

తింది. మొదట ఒక ముక్క, మర్యాదకి. తర్వాత మొత్తం. తిన్నాక పళ్ళెం పట్టుకుని లేవబోతే తెక్లా ఆ పళ్ళెం లాక్కుని లోపలికి పోయింది. ఇంకొరొనాతా చేతులు గాల్లో ఉండిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చూసి, ఒళ్ళో పెట్టుకుంది.

"నీ గది ఎలాంటిది?" అనడిగింది ఉన్నట్టుండి. "గొర్రెలవాళ్ళ ఇంట్లో గది ఎలా ఉంటుందో చూద్దామని."

మెట్లు మెల్లగా ఎక్కారు. గుమ్మంలో ఆగి మంచం చూసింది, గోడ చూసింది, పరిచిన దుప్పటి అంచు వేళ్ళతో పట్టి గంజి పరీక్షించింది. "ఫరవాలేదు," అంది. మంచం అంచు మీద కూచుంది. పరుపుని అరచేత్తో రెండుసార్లు నొక్కింది. కొత్త పెళ్ళికూతురైనా అంత సిగ్గుపడదేమో.

"కళ్ళు తిరుగుతున్నాయి ఎండకి. అయిదు నిమిషాలు నడుం వాలుస్తాను. అంతే."

"వాల్చండి."

ఒర్నెల్లా మోకాళ్ళ మీద కూచుని ఆవిడ బూట్ల తాళ్ళు విప్పింది. కాళ్ళు ఎత్తి పైన పెట్టింది. ఇంకొరొనాతా పైకప్పు వంక చూస్తూ, "అయిదు నిమిషాలు దాటితే లేపు," అంది. రెండో నిమిషానికే గురక మొదలైంది.

ఒర్నెల్లా కిటికీ తలుపులు దగ్గరికి వేసింది. మూలనున్న కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తి, బయటికి తెచ్చి, గది తలుపుకి అడ్డంగా వేసుకుని కూచుంది. అయిదు నిమిషాలు అయ్యాయి. గంటయింది. గంటన్నర అయింది.

కింద కారు తలుపులు దభాలున మూసిన చప్పుడు. రొసాల్బా మెట్లెక్కి వచ్చింది. గౌను నిండా టమాటా రసం, నుదుటి మీద గింజలు. వెనక ఎత్తోరె, చేతులు మోచేతుల దాకా ఎర్రగా.

"అమ్మ ఏది? నిన్ను తీసుకొస్తానని వెళ్ళి రెండు గంటలైంది! ఫోను ఇంట్లోనే వదిలేసింది!"

"నెమ్మదిగా వదినా. పడుకున్నారు."

"పడుకుందా? పగటిపూటా? మా అమ్మా?" రొసాల్బాకి నమ్మకం కలగలేదు. "జ్వరమా? లే, చూడనీ."

"జ్వరం లేదు. చూశాను. నిద్ర."

"అయితే లేపు! మూతల సంగతి ఆవిడ చెప్పాలి. సగం టమాటాలు అలాగే ఉన్నాయి!"

"లేపను."

"లే అక్కణ్ణించి!"

"లేవను కూడా." ఒర్నెల్లా గొంతు పెంచలేదు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుంది. "నీకు రెండు చేతులున్నాయి వదినా. నీ కూతురికి రెండున్నాయి. ఆ బొలోన్యా అబ్బాయికీ రెండున్నాయి."

"అతను చుట్టం!"

"మా గదిలో పడుకుంటున్నాడుగా. ఇంటివాడే."

"మా అమ్మ ఎక్కడ పడుకోవాలో చెప్పడానికి నువ్వెవరే?" రొసాల్బా అరిచింది. అరిచి, సాయం కోసం వెనక్కి తిరిగింది. "నువ్వు చెప్పరా నీ పెళ్ళానికి! రాయిలా నిలబడ్డావేం?"

ఎత్తోరె అక్కని చూశాడు. తలుపుకి అడ్డంగా కూచున్న పెళ్ళాన్ని చూశాడు. ఆ తలుపు వెనక నుంచి వస్తున్న గురక విన్నాడు. తల్లి గురక పెడుతుందని అతనికి యాభై నాలుగేళ్ళకి ఇవాళే తెలిసింది.

"ఆ మూత ఎన్ని చుట్లు బిగించాలి?" అనడిగాడు ఒర్నెల్లాని.

"ఆగేదాకా తిప్పి, ఇంకో పావు. అంతకంటే వద్దు. సీసా మెడ దగ్గర రెండు వేళ్ళ ఖాళీ వదులు. నువ్వు నిండా పోయిస్తున్నావు, అందుకే పేలుతున్నాయి."

"రెండు వేళ్ళు," అని ఎర్రటి వేళ్ళు రెండు చూపించి గుర్తుపెట్టుకున్నాడు. "పద అక్కా."

"నేను రాను! అమ్మని తీసుకునే..."

లోపల గురక ఎప్పుడో ఆగిపోయిందని అప్పుడు గమనించారు.

"రొసాల్బా," అంది లోపలి నుంచి ఇంకొరొనాతా. నిద్ర గొంతే గానీ, పడకలు పంచే గొంతే. "తలుపు దగ్గర అరవకు. మనుషులు పడుకున్నారిక్కడ."

"అమ్మా, మరి టమాటాలు?"

"తమ్ముడికి ఒర్నెల్లా చెప్పిందిగా, విన్నాను. వెళ్ళి చేసుకోండి. రాత్రికి నా భోజనం ఇక్కడే అని తెక్లాకి చెప్పు."

మంచం కిర్రుమంది. ముసలావిడ గోడ వైపు తిరిగి పడుకుంది.